ఒక మాస్టారి ఫ్లాపీల పెట్టె: బీబీసీ మైక్రో, ఎక్స్‌టీ, ఏటీ, మాకింటోష్

ముందు కేసు ఏంటో చెప్తాను. బందరు దగ్గర ఒక ఊళ్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన ఇంట్లో పాతిక దాకా ఫ్లాపీలున్న అట్టపెట్టె ఉంది. వాళ్లమ్మాయి దాన్ని తెచ్చి నాకిచ్చింది. వాటిల్లో ఏమున్నాయో మాస్టారికి బాగానే గుర్తుంది. స్కూలు పిల్లల మార్కుల లెక్కలు, పదో తరగతి లెక్కలకి ఆయన తెలుగులో రాసుకున్న గైడు, అమెరికాలో చదివే రోజుల్లో కొడుకు ఇంటికి రాసిన ఉత్తరాలు. గైడు కాగితం మీద ఒక్క కాపీ కూడా మిగల్లేదు, అందుకే ఇంత పట్టుదల.

నా దగ్గరికి రాకముందు రెండు చోట్ల చూపించారట. ఒకచోట 5.25 అంగుళాల డ్రైవ్ లేదని పెట్టె తెరవకుండానే పంపించేశారు. ఇంకోచోట 3.5 అంగుళాల డిస్కుని యూఎస్‌బీ డ్రైవ్‌లో పెడితే విండోస్ యథాప్రకారం "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగింది. షాపులో కుర్రాడు డిస్కు ఖాళీగా ఉందనుకుని సరే అనబోతుంటే ఆ అమ్మాయే వద్దని డిస్కు బయటికి లాగేసింది. ఆ ఒక్క పనితో ఉత్తరాలు బతికాయి. విండోస్ ఆ ప్రశ్న అడిగిందంటే డిస్కు ఖాళీ అని కాదు, దానికి తెలిసిన పద్ధతిలో రాసి లేదని మాత్రమే. ఈ ఒక్క విషయం తెలియక పోయిన డిస్కులు మన దగ్గర ఎన్నో.

ఏ మిషన్ రాసింది, ఆఖరిసారి ఏ మిషన్ రాసింది

పాత ఫ్లాపీల పని మొదలుపెట్టేటప్పుడు డిస్కు సైజు చూసి నేను ఏ నిర్ణయానికీ రాను. 5.25 అంగుళాల డిస్కు ఒక్కటే తీసుకున్నా, అదే నల్ల చతురస్రంలో యాపిల్ 2 వాడు 35 ట్రాకులు (డిస్కు మీద గుండ్రటి వరసలు) రాసేవాడు, ఐబీఎం పీసీ 40 ట్రాకులు, దాని తర్వాతి తరం ఏటీ 80 ట్రాకులు రాసేవి, కమోడోర్ 1541 డ్రైవ్ అయితే బయటి ట్రాకులో 21 సెక్టార్లు (ట్రాకులోని ముక్కలు), లోపలి ట్రాకులో 17 పెట్టేది. అందరూ ఒకే కంపెనీ ఖాళీ డిస్కుల డబ్బా కొనుక్కుని ఎవరి పద్ధతిలో వాళ్లు రాసుకున్నారు. కాబట్టి నేను అడిగేవి రెండే. ఈ డిస్కు మీద మొదట రాసిన మిషన్ ఏది? ఆఖరిసారి రాసిన మిషన్ ఏది? రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ కేసులో సగం పని దాని మీదే నడిచింది.

మాస్టారితో ఫోన్‌లో మాట్లాడాను. "మాస్టారూ, స్కూల్లో మొదట వచ్చింది ఏ సిస్టమ్?" అంటే, "బీబీసీ బాబూ, ఎర్ర కీలుండేవి పైన వరసలో, టీవీ లాంటి మానిటరు" అన్నారు. ఆ ఎర్ర కీలు చాలు, అది బీబీసీ మైక్రోనే. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు (స్కూళ్లలో కంప్యూటర్ నేర్పే పథకం) కింద మన దేశంలో స్కూళ్లకి ఇచ్చింది ఇవే, ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ డిజైన్ చేసిన మిషన్లు. తర్వాత స్కూలుకి ఎక్స్‌టీ రకం పీసీ, అంటే ఏటీకి ముందు తరంది, ఒకటి వచ్చింది. గైడు మాత్రం ఆయన అక్కడ మొదలుపెట్టి, ఊళ్లో మేనల్లుడి డీటీపీ సెంటర్‌లో జిస్ట్ కార్డు (కంప్యూటర్‌లో తెలుగు లాంటి భారతీయ లిపులు రాయించే బోర్డు) పెట్టిన ఏటీ మీద పూర్తి చేశారు. అదే డిస్కులు రెండు చోట్లకీ సంచిలో వేసుకుని తిరిగేవి. ఈ మాట వినగానే నాకు ఎర్రర్లు ఎక్కడ వస్తాయో అర్థమైంది, కింద చెప్తాను.

బూజు

కోస్తా ఊరు, ముప్పై ఏళ్ల పైగా బీరువా మీద. జాకెట్ మధ్యలోని పొడుగాటి కిటికీలోంచి చూస్తే కొన్ని డిస్కుల మీద తెల్లని చుక్కలు కనిపించాయి. బూజు పట్టిన డిస్కుని అలాగే డ్రైవ్‌లో తిప్పితే రెండు నష్టాలు. ఆ చుక్క డ్రైవ్‌లో డిస్కుని చదివే హెడ్‌కి తగిలి అయస్కాంతపు పూతని గీరేస్తుంది, ఆ మురికి హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి డిస్కుని కూడా గీరేస్తుంది. అందుకే మొదట డిస్కులన్నీ లైటు కింద కొంచెం కొంచెంగా తిప్పుతూ చూసి, బూజున్నవి పక్కన పెట్టాను.

వాటికి చేసింది ఇది. జాకెట్ పై అంచుని సన్నని బ్లేడుతో జాగ్రత్తగా విప్పి లోపలి బిళ్లని బయటికి తీశాను. బిళ్లని గుడ్డ మీద పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని బట్టతో రెండు వైపులా నెమ్మదిగా తుడిచాను, ఒత్తకుండా. ఆరాక శుభ్రమైన ఒక పాత ఖాళీ డిస్కు జాకెట్‌లోకి ఎక్కించాను, ఎందుకంటే అసలు జాకెట్ లోపలి పలచటి గుడ్డ పొరలోనూ బూజే ఉంటుంది. పై వైపు ఏదో కింది వైపు ఏదో తారుమారు కాకుండా బిళ్ల మధ్యలో పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకోవడం తప్పనిసరి. బూజు డిస్కు చదివిన ప్రతిసారీ హెడ్ తుడవాల్సిందే. విసుగు పుట్టించే పని, కానీ ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

వాడిన సామాను

5.25 డిస్కులకి టియాక్ ఎఫ్‌డీ-55జీఎఫ్‌ఆర్ డ్రైవ్, 80 ట్రాకులది. 3.5కి మామూలు పీసీ డ్రైవ్. రెండిటినీ కంప్యూటర్‌కి కలపడానికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు, కీర్ ఫ్రేజర్ అనే ఆయన డిజైన్ చేసి అందరికీ ఓపెన్‌గా ఇచ్చినది. ఒకవైపు 34 పిన్నుల రిబ్బన్ కేబుల్, రెండోవైపు యూఎస్‌బీ. 5.25 డ్రైవ్‌కి 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి దానికి విడిగా పవర్ సప్లై ఇవ్వాలి.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఎందుకు పనికిరాదో చెప్పాలి. దాని లోపలి కంట్రోలర్ సెక్టార్లు మాత్రమే ఇస్తుంది, అవీ 720కే (కే అంటే కిలోబైట్లు), 1.44 ఎంబీ లాంటి ఒకటి రెండు పీసీ ఫార్మాట్లవి. డిస్కు మీద ఇంకేదైనా ఉంటే దానికి అది శబ్దమే. గ్రీజ్‌వీజిల్ సెక్టార్ల జోలికి పోదు. హెడ్ కింద అయస్కాంత దిశ మారిన ప్రతిసారీ ఎంత సమయానికి మారిందో రాసుకుంటుంది, అంతే. దీన్ని ఫ్లక్స్ ఇమేజ్ అంటాం. దాన్ని బీబీసీగా అర్థం చేసుకోవాలా మాకింటోష్‌గానా అన్నది తర్వాత, డిస్కుని మళ్లీ ముట్టుకోకుండా, తీరిగ్గా తేల్చుకోవచ్చు. పాతబడిన డిస్కు ఎన్నిసార్లు తిరిగితే అంత అరుగుతుంది కాబట్టి నా వరకు ముందు ఫ్లక్స్ తీయకుండా ఇంకే ప్రయోగం చేయడమూ సరి కాదు. డిస్కులన్నిటికీ మొదట రైట్ ప్రొటెక్ట్ చేశాను, అంటే పొరపాటున కూడా వాటి మీద ఏమీ రాయకుండా. 5.25కి పక్కనున్న గాటు మీద స్టిక్కర్ అంటించాలి, 3.5కి దానికి విరుద్ధం, మూలలోని చిన్న కిటికీ తెరిచి ఉంచాలి.

బీబీసీ డిస్కులు

ఫ్లక్స్ తీశాక నేను మొదట చూసేది హిస్టోగ్రామ్, అంటే ఏ వ్యవధి ఎన్నిసార్లు వచ్చిందో చూపే గ్రాఫ్. పీసీ డిస్కు అయితే మూడు శిఖరాలు కనిపిస్తాయి. నిమిషానికి 300 చుట్లు తిరిగే డ్రైవ్‌లో 4, 6, 8 మైక్రోసెకన్ల దగ్గర. అది ఎంఎఫ్ఎం ఎన్‌కోడింగ్, అంటే బిట్లని డిస్కు మీద రాసే ఒక పద్ధతి. మాస్టారి మొదటి డిస్కులో రెండే శిఖరాలు వచ్చాయి, 3.3 దగ్గర ఒకటి, 6.7 దగ్గర ఒకటి. నా టియాక్ 360 చుట్లు తిరుగుతుంది కాబట్టి 4, 8 అనేవి 3.3, 6.7 అయ్యాయి. రెండు శిఖరాలంటే ఎఫ్ఎం, పాత సింగిల్ డెన్సిటీ. బీబీసీ మొదటి డిస్క్ ఇంటర్‌ఫేస్‌లో ఇంటెల్ 8271 చిప్ ఉండేది, దానికి ఎఫ్ఎం తప్ప వేరేది రాదు. ట్రాకుకి 10 సెక్టార్లు, సెక్టార్‌కి 256 బైట్లు, 40 ట్రాకులు, అంటే ఒక వైపుకి 100కే. పాత పీసీ దొరికినా దీన్ని చదవడం గ్యారంటీ కాదు. పీసీ ఫ్లాపీ కంట్రోలర్లకి మూలమైన 765 చిప్‌కి ఎఫ్ఎం వచ్చు గానీ, తర్వాతి మదర్‌బోర్డుల్లో చాలా వాటిల్లో ఆ సౌకర్యం తీసేశారు.

80 ట్రాకుల డ్రైవ్‌తో 40 ట్రాకుల డిస్కు చదివేటప్పుడు హెడ్‌ని రెండేసి అడుగులు వేయించాలి. అది సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆప్షన్. అది పెట్టగానే ట్రాకులన్నీ వరసగా వచ్చేశాయి.

ఇక్కడ ఒక మంచి సంగతి. మాస్టారు "ఈ డిస్కుల్లో రెండో వైపు ఏమీ రాయలేదు" అన్నారు. నేనెప్పుడూ రెండు వైపులా తీస్తాను. బీబీసీలో డిస్కు ఫైళ్లు చూసుకునే డీఎఫ్ఎస్ రెండు వైపుల్ని ఒక డిస్కుగా చూడదు. పై వైపు డ్రైవ్ 0, కింది వైపు డ్రైవ్ 2, దేని క్యాటలాగ్ (ఫైళ్ల జాబితా) దానిదే. స్కూల్లో ఇంకెవరో, బహుశా పిల్లలే, డ్రైవ్ 2లో బేసిక్ ప్రోగ్రాములు దాచుకున్నారు. గుణకారం ఎక్కాల క్విజ్, ఒక గడియారం బొమ్మ. మాస్టారికి ఇవి చూపిస్తే అవి రాసిన పిల్లల్ని ఒక్కొక్కరినీ గుర్తుపట్టారు. డీఎఫ్ఎస్‌లో ఒక ఫైలు ముక్కలు కాకుండా వరసగా ఒకేచోట ఉంటుంది, డిలీట్ చేసినా కాంపాక్ట్ కమాండ్ ఇచ్చేదాకా లోపల డేటా అలాగే ఉంటుంది. అందువల్ల క్యాటలాగ్‌లో లేని ఒక మార్కుల ఫైలు కూడా ఖాళీ సెక్టార్లలోంచి బయటపడింది.

మార్కుల ఫైళ్లు తెరిస్తే మొదట అంతా చెత్తలా కనిపిస్తుంది, అది చెత్త కాదు. బీబీసీ బేసిక్ డేటా ఫైల్లో ఒక పేరు రాసేటప్పుడు ముందు 0 అనే బైటు, తర్వాత పేరు పొడవు, తర్వాత అక్షరాలు చివరి నుంచి మొదటికి రాస్తుంది. ఇంగ్లీషులో లక్ష్మి అని ఉంటే 0, 7, ఆ తర్వాత ఐ, ఎమ్, హెచ్, ఎస్, కె, ఎ, ఎల్ అన్న వరస వస్తుంది. పూర్ణ సంఖ్య అయితే ముందు 64, తర్వాత నాలుగు బైట్లు, పెద్ద స్థానం బైటు ముందు. 87 మార్కులంటే 64, 0, 0, 0, 87. దశాంశాలుంటే ముందు 255, తర్వాత అయిదు బైట్లు. ఇది తెలిస్తే చిన్న పైథాన్ స్క్రిప్టుతో ఫైళ్లన్నీ ఎక్సెల్‌లోకి మార్చేయొచ్చు, అలాగే చేశాను. తెలియకపోతే ఇమేజ్ నూటికి నూరు పాళ్లు సరిగ్గా వచ్చినా "డేటా పాడైంది" అని రాసి పక్కన పడేస్తాం. కంపాటిబిలిటీ అంటే డ్రైవ్ దగ్గర అయిపోయేది కాదని నేను మొత్తుకునేది ఇందుకే.

ఎక్స్‌టీ, ఏటీ మధ్య తిరిగిన డిస్కులు

అసలు కష్టం ఇక్కడే. గైడు ఉన్న డిస్కులు ఒకటి తప్ప అన్నీ 360కే, అంటే 40 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకి 9 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు. ఎక్స్‌టీలో ఉండేది 360కే డ్రైవ్. 1984లో ఐబీఎం ఏటీతో వచ్చింది 1.2 ఎంబీ డ్రైవ్, 80 ట్రాకులు, 15 సెక్టార్లు. ఏటీ డ్రైవ్ 360కే డిస్కుని చదువుతుంది, రాస్తుంది కూడా. ఆ రాయడంలోనే ఉంది మెలిక.

360కే డ్రైవ్ హెడ్ వెడల్పు, దాదాపు 0.33 మిల్లీమీటర్ల ట్రాకు గీస్తుంది. ఏటీ డ్రైవ్ హెడ్ అందులో సగమే, 0.16 దాకా. పెద్ద చీపురుతో వేసిన సున్నం పట్టీ మీద చిన్న బ్రష్‌తో మధ్యలో వేరే రంగు వేసినట్టు అవుతుంది. మధ్యలో ఏటీ రాసిన కొత్త డేటా, దానికి రెండు అంచుల్లోనూ ఎక్స్‌టీ రాసిన పాత డేటా మిగిలిపోతుంది. దాన్ని తిరిగి ఏటీలో చదివితే సన్నని హెడ్ మధ్య గీతనే చూస్తుంది, ఇబ్బంది లేదు. అదే స్కూల్లో ఎక్స్‌టీలో పెడితే వెడల్పు హెడ్ కొత్తదీ పాతదీ కలిపి చదివి సీఆర్సీ ఎర్రర్ (చదివిన డేటా సరిపోలలేదన్న తప్పు) ఇస్తుంది. మాస్టారు ఆ రోజుల్లో పడ్డ టెన్షన్ అదే. "సెంటర్‌లో వచ్చేది, స్కూల్లో వచ్చేది కాదు బాబూ, డిస్కు పోయిందనుకుని కొత్తది కొనేవాణ్ణి" అన్నారు. డిస్కు ఏమీ పోలేదు. అప్పట్లో తెలిసినవాళ్లు చేసే జాగ్రత్త ఒకటుండేది. ఏటీలో రాసి ఎక్స్‌టీలో చదవాలంటే, ఎక్స్‌టీ ఎప్పుడూ ముట్టని కొత్త డిస్కు తీసుకుని ఏటీలోనే 360కేగా ఫార్మాట్ చేసుకోవాలి, లేదా పాత డిస్కుని అయస్కాంతంతో పూర్తిగా చెరిపి మొదలుపెట్టాలి. అంచుల్లో పాత డేటా ఉండదు కాబట్టి ఎక్స్‌టీ చాలావరకు చదువుతుంది.

నా పనికి దీని అర్థం ఏమిటంటే, ఈ డిస్కులకి "అసలైన" 360కే డ్రైవ్ వాడటమే తప్పు. చాలామంది ఏ డిస్కుకి ఆ కాలపు డ్రైవే మంచిదంటారు, ఈ రకం డిస్కుల విషయంలో నేను ఒప్పుకోను. సన్నని హెడ్ ఉన్న 80 ట్రాకుల డ్రైవ్‌తో, రెండేసి అడుగులతో, ప్రతి ట్రాకుని అయిదు చుట్లు రికార్డు చేశాను. ఒక చుట్టులో తప్పు వచ్చిన సెక్టార్ ఇంకో చుట్టులో సరిగ్గా వస్తే దాన్ని తీసుకోవచ్చు. ఇలా గైడు డిస్కుల్లో ఒకటి తప్ప అన్నీ పూర్తిగా వచ్చాయి.

ఆ రాని ఒకటి వేరే రకం. అది 1.2 ఎంబీగా ఫార్మాట్ అయి ఉంది, కానీ డిస్కు మధ్య రంధ్రం చుట్టూ గట్టి రింగు ఉంది. ఆ రింగు సాధారణంగా డబుల్ డెన్సిటీ డిస్కులకే ఉంటుంది, హై డెన్సిటీ వాటికి ఉండదు. అంటే ఎవరో చవకలో అవుతుందని 360కే డిస్కుని 1.2గా ఫార్మాట్ చేశారు. 5.25లో ఈ రెండు పూతలకీ చాలా తేడా. పూతని మార్చడానికి కావాల్సిన అయస్కాంత బలం డబుల్ డెన్సిటీది 300 ఓర్‌స్టెడ్ దరిదాపుల్లో, హై డెన్సిటీది 600 దరిదాపుల్లో. హై డెన్సిటీకి కావాల్సిన బలమైన కరెంటుతో బలహీనమైన పూత మీద రాస్తే పక్కపక్క బిట్లు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఆ రోజు బాగానే కనిపిస్తుంది, తర్వాత తర్వాత పోతుంది. దీన్లో బయటి ట్రాకులు చాలావరకు వచ్చాయి, బిట్లు ఇరుకుగా ఉండే లోపలి ట్రాకులు రాలేదు. గైడులో త్రికోణమితి అధ్యాయం సగం అలా పోయింది.

వచ్చిన ఫైళ్లు యూనికోడ్ (ఇప్పుడు అందరూ వాడే అక్షరాల కోడ్) కాదు. జిస్ట్ కార్డు వాడే ఇస్కీ కోడ్‌లో కింది 128 స్థానాలు మామూలు ఇంగ్లీషు, పైవి భారతీయ అక్షరాలు, అందులో క అంటే 179. తెలుగు క, హిందీ క, తమిళ క అన్నిటికీ అదే నంబరు, ఏ లిపి అన్నది విడిగా చెప్పాలి. ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఇస్కీ కన్వర్టర్ ఉంది, దాన్ని తెలుగుకి పెట్టి మారిస్తే గుణింతాలు, ఒత్తులతో సహా చక్కగా వచ్చాయి. నాకు ఇది చాలా సంతోషం కలిగించిన భాగం, ఎందుకంటే అదే కాలంలో సొంత ఫాంట్ కోడ్‌లతో దాచిన తెలుగు ఫైళ్లకి ఇంత తేలికైన దారి ఉండదు, ఏ ఫాంటో కనుక్కుని దానికి విడిగా పట్టిక తయారు చేసుకోవాలి.

మాకింటోష్ ఉత్తరాలు

3.5 డిస్కులు కొడుకువి. కాలేజీ ల్యాబ్‌లో మాకింటోష్ మీద ఇంగ్లీషు లిపిలో తెలుగు ఉత్తరాలు టైప్ చేసి, ప్రింటు పోస్ట్ చేసి, కాపీలు డిస్కులో పెట్టుకుని, సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లో వదిలేశాడు. అవి 800కే డిస్కులు. చూడటానికి పీసీ 720కే డిస్కుకీ దీనికీ తేడా ఏమీ ఉండదు. రాసే తీరు మాత్రం పూర్తిగా వేరు. పీసీ డ్రైవ్ ఎప్పుడూ 300 చుట్లే తిరుగుతుంది. మాకింటోష్ పాత డ్రైవ్ బయటి ట్రాకుల దగ్గర నిమిషానికి 394 చుట్లు, లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతూ 590 దాకా. 16 ట్రాకుల చొప్పున అయిదు ప్రాంతాలు, వాటిల్లో సెక్టార్లు వరసగా 12, 11, 10, 9, 8. ఎన్‌కోడింగ్ కూడా ఎంఎఫ్ఎం కాదు, జీసీఆర్ అనే వేరే పద్ధతి. విండోస్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది దీన్నే.

పీసీ డ్రైవ్ వేగం మార్చుకోలేదు కదా, మరి ఎలా చదివింది అని అడుగుతారు. ఫ్లక్స్ తీసేటప్పుడు వేగం మార్చక్కర్లేదు. మాకింటోష్‌లో ఒక బిట్‌కి సుమారు 2 మైక్రోసెకన్లు. అదే ట్రాకుని 300 చుట్ల దగ్గర చదివితే బయట 2.6, లోపల 3.9 దాకా సాగుతుంది. ప్రాంతాన్ని బట్టి లెక్క మార్చుకుంటే సరిపోతుంది, గ్రీజ్‌వీజిల్ సాఫ్ట్‌వేర్ ఆ లెక్క తనే చేస్తుంది. 1988లో మాకింటోష్ 2ఎక్స్‌తో యాపిల్ 1.44 ఎంబీ డ్రైవ్ తెచ్చింది, ఆ ఫార్మాట్‌లో రాసిన మాకింటోష్ డిస్కులు పీసీ డ్రైవ్‌లో మామూలుగానే చదవొచ్చు. మీ దగ్గర మాక్ డిస్కులుంటే మూలలో రెండో కంత ఉందో లేదో చూడండి. ఉంటే పని చాలా తేలిక.

ఇమేజ్ వచ్చాక లోపలి ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) పాత మాక్‌ల హెచ్ఎఫ్ఎస్. ఇప్పటి మాక్‌లు దీన్ని తెరవవు, మాక్ఓఎస్ కెటలీనా వెర్షన్ నుంచి చదవడం కూడా తీసేశారు. లైనక్స్‌లో హెచ్ఎఫ్ఎస్ యుటిల్స్‌తో ఫైళ్లు బయటికి తీసి, మాక్‌రైట్ అనే ప్రోగ్రాములో రాసిన ఉత్తరాలని లిబ్రే ఆఫీస్‌లో తెరిచాను. తారీఖులు కూడా వచ్చాయి. ఆ కాలపు మాకింటోష్ ప్రతి ఫైలుకీ 1904 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లో రాసిపెడుతుంది, ఆ అంకెని మార్చుకుంటే ఏ రోజు ఏ వేళకి ఏ ఉత్తరం రాశాడో తెలిసిపోతుంది. వాళ్లమ్మ వీటిని వరసలో పెట్టి ప్రింటు తీయమన్నారు, తీసిచ్చాను.

ఇచ్చినవి, మిగిలినవి

ఇంటికి ఇచ్చింది మూడు రకాలుగా. ఫ్లక్స్ ఇమేజ్‌లు, వాటిలోంచి డీకోడ్ చేసిన సెక్టార్ ఇమేజ్‌లు, మామూలుగా తెరుచుకునే ఫైళ్లు. మనవలు ఫైళ్లు చూస్తే చాలంటారు గానీ ఫ్లక్స్ ఇమేజ్‌లు పారేయొద్దని గట్టిగా చెప్పాను, డీకోడింగ్ సాఫ్ట్‌వేర్ మెరుగైతే వాటిలోంచే ఇంకా తీయొచ్చు. బీబీసీ ప్రోగ్రాములు ఎమ్యులేటర్‌లో (పాత మిషన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఎలా నడపాలో ఒక కాగితం మీద రాసిచ్చాను.

రానివి రెండు. బూజు పూతనే తినేసిన ఒక బీబీసీ డిస్కు, దాని మొదటి ట్రాకులో పారదర్శకంగా మచ్చ కనిపిస్తోంది, అక్కడ చదవడానికి ఏమీ మిగల్లేదు. రెండోది త్రికోణమితి ఉన్న ఆ 1.2 డిస్కు. దాన్ని వెనక్కి ఇవ్వలేదు. వేరే కంపెనీ డ్రైవ్ ఒకటి వస్తోంది, ఒక్కో డ్రైవ్ హెడ్ అమరిక కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి లోపలి ట్రాకులు ఇంకొన్ని రావచ్చు. ఈలోగా మాస్టారు ఆ అధ్యాయం మళ్లీ తెల్లకాగితాల మీద రాయడం మొదలుపెట్టారట, బయటపడ్డ సెక్టార్లలో ఏయే లెక్కలున్నాయో జాబితా పంపమని అడిగారు, పంపాను.